ఎనిమిది టన్నుల బరువు, నాలుగు టన్నుల భయం

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆయన అంటాడు, మా అత్తగారు అంటుంది, షాపుకి రీఫిల్ కోసం వచ్చినవాళ్ళు కూడా అంటారు. స్టేషనరీ షాపు నడిపే మనిషికి కోపం ఉండకూడదట! అరగంటసేపు ఆరు రకాల స్కేళ్ళు తిప్పి చూసి 'రేపొస్తానండీ' అని చక్కాపోయే వాళ్ళ ఎదుట ఒక్కరోజు కూర్చుంటే తెలుస్తుంది ఎవరికైనా. జానెడు మాస్టారి సంగతి చెప్పబోతూ ముందుగా నా కోపం సంగతి ఎందుకంటే, ఆ బుధవారం నాకు కోపం రాకుండా ఉంటే అసలు ఈ గొడవే లేదు.

మా షాపు ముందు రోడ్డు దాటి రెండు నిమిషాలు నడిస్తే యార్డు గేటు. పెద్ద పెద్ద యంత్రాలు విప్పి బాగుచేసే చోటది. మా ఆయన అక్కడ తాడు మనిషి. క్రేను బరువుని గాల్లోకి లేపినప్పుడు అది గిర్రున తిరిగి గోడకి కొట్టుకోకుండా, దానికో తాడు కట్టి కింద నుంచి పట్టుకుని నడిపించడం ఆయన పని. అంటే రోజంతా ఆయనకి నాలుగడుగుల దూరంలో టన్నుల కొద్దీ ఇనుము వేలాడుతూ ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అది తలుచుకుంటే ముద్ద దిగేది కాదు నాకు. పన్నెండేళ్ళలో అలవాటైపోయింది.

జానెడు మాస్టారిది లెక్కల పని. ఏ బరువుకి ఎన్ని పట్టీలు, అంటే మందపాటి నేత బెల్టులు, కట్టాలి, ఎంత వాలుగా కట్టాలి, ఒక్కో పట్టీ మీద ఎంత లాగుడు పడుతుంది అన్నది ఆయన లెక్కగట్టి కాగితం మీద సంతకం పెడితేనే క్రేను కదలాలి. యాభై ఎనిమిదేళ్ళు, సన్నటి మనిషి, రెండు మోకాళ్ళూ నొప్పులే. యార్డులో ఆయనంత పిరికివాడు ఇంకొకడు లేడని అందరూ అంటారు. తాడుని చూసి పామనుకునే రకం. మా ఆయన చేతిలో తాడు చూసి కూడా ఉలిక్కిపడతాడని జోకు. జానెడు అన్న పేరెలా వచ్చిందంటే, ఎంత పెద్ద బరువైనా ముందు నేల నుంచి జానెడు మాత్రమే లేపాలి, లేపి పది నిమిషాలు అలాగే ఆపాలి, ఆ తర్వాతే పైకి. అది ఆయన పెట్టిన రూలు. ఆ పది నిమిషాలూ జనం గడియారం చూసుకుంటూ పళ్ళు నూరుకుంటారు. మా ఆయనైతే ఇంటికొచ్చి, "ఇవాళ కూడా మాస్టారి పది నిమిషాల్లో నించునే కునుకు తీశానే," అని నవ్వేవాడు.

ఒకసారి నేనే అడిగేశాను. "ఎందుకు మాస్టారూ మీకంత భయం?"

"నేను పనిలో చేరిన ఏడాది ఒక బరువు జారి పడిందమ్మాయ్. ఎవరికీ ఏం కాలేదు. ఖాళీ బండి మీద పడింది," అని ఆగాడు. "రెండు నిమిషాల ముందు ఆ బండిలో కూర్చుని సంకలో చెయ్యి పెట్టుకుని నిద్రపోతున్నది నేనే."

ఆయన నోట్‌బుక్కులో ప్రతి లెక్కకీ రెండు గళ్ళుంటాయి. ఒక గడి పైన 'బరువు' అని, రెండో గడి పైన 'భయం' అని ఉంటుంది. ఎనిమిది టన్నుల యంత్రమైతే అందులో సగం, నాలుగు టన్నులు, భయం గడిలో వేసి, మొత్తం పన్నెండు అనుకుని పట్టీలు కట్టిస్తాడు. ఇంజనీర్లు దానికేదో పెద్ద పేరు చెప్తారట. ఈయన మాత్రం భయం అనే రాస్తాడు. ఆఫీసు కాగితాల మీద కూడా ఒకసారి అలాగే రాసి చీవాట్లు తిన్నాడు.

ఆయన దగ్గర పంతొమ్మిదేళ్ళ నాటి కాలిక్యులేటర్ ఒకటుండేది. అంకెలు అరిగిపోయి మీటలన్నీ బోడిగా ఉండేవి, ఏ మీట ఏదో ఆయన వేళ్ళకే తెలుసు. ఒకనాడు అది క్రేను నిచ్చెన మీద నుంచి జారి కింద పడి, తెర పగిలి, ఇక వెలగలేదు. ఆ సోమవారం సాయంత్రం నా షాపుకొచ్చాడు, కొత్తది కొనడానికి.

కొనడమంటే ఆయన కొనడం! నా దగ్గర సైంటిఫిక్ కాలిక్యులేటర్లు మూడు రకాలున్నాయి. బూడిదరంగుది, పెద్ద తెరది, ఎండకి పనిచేసే సోలార్‌ది. మూడూ బల్ల మీద వరసగా పెట్టించుకున్నాడు. ఆ సాయంత్రమంతా మీటలు నొక్కాడు. ఒక్కో మీట పదిసార్లు, కళ్ళు మూసుకుని. మంగళవారం మూడింటినీ బయటికి తీసుకెళ్ళి ఎండలో తెర కనబడుతుందో లేదో చూశాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, మనిషికి ఎండదెబ్బ తగిలిందేమోనని నన్నడిగారు. బుధవారం పని చేతొడుగులు తెచ్చి, అవి వేసుకుని నొక్కి చూశాడు. ప్రతిసారీ ముందుగా సైన్ ముప్పై కొట్టేవాడు. సరిగ్గా అర వస్తే యంత్రం డిగ్రీల్లో ఉన్నట్టట. మూడూ అరే చూపించాయి. అయినా ఆయన మొహంలో నమ్మకం కనబడలేదు.

"కొంటారా మాస్టారూ, చూస్తారా?" అన్నాను. అప్పటికి నా కోపం ముక్కు దిగి నోటిదాకా వచ్చింది.

"బూడిదరంగుదాని మీటలు బిగుతమ్మాయ్. పెద్ద తెరది చేతొడుగుతో రెండు మీటలు ఒకేసారి నొక్కుకుంటోంది. సోలార్‌ది షెడ్డులో చీకట్లో ఆగిపోతే? నల్లది ఒకటుంటుందట కదా, మెత్తటి మీటలది..."

"అది మంగళవారం వస్తుంది. అందాకా ఇది పట్టుకెళ్ళి వాడుకోండి, డబ్బులేం వద్దు. లోపల బ్యాటరీ కూడా ఉంది, చీకట్లో ఆగదు. బాబ్బాబు, మంగళవారం దాకా మాత్రం రాకండి!" అని సోలార్‌దాన్ని ఆయన చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "పూర్తిగా చూడలేదమ్మాయ్ దీన్ని."

"సైన్ ముప్పై అర వచ్చిందిగా! ఇంకేం చూస్తారు, జాతకమా?"

పక్కన రీఫిల్ కొంటున్న మనిషి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మాస్టారు తల వంచుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం నల్లది వచ్చింది. మాస్టారు మధ్యాహ్నం భోజనాల వేళ, రెండు దాటాక వచ్చాడు. మూడున్నరకి పెద్ద బరువొకటి లేపాలట, ఎనిమిది టన్నుల గేరు పెట్టె. దాన్ని షెడ్డు మధ్యలో ఉన్న గోతిలోకి దించాలి. ఆ గోతిలో మెట్టు మీద నిలబడి పెట్టెని కిందకి రప్పించుకునేవాడు ఎవరంటారా? మా ఆయనే.

"ఇవాళ గొడవ లేకుండా తీసుకుంటానమ్మాయ్. పొద్దున చేసిన లెక్కే దీని మీద ఒక్కసారి కొట్టి చూసి, వెళ్ళిపోతా," అన్నాడు.

నోట్‌బుక్కు తెరిచాడు. బరువు ఎనిమిది, భయం నాలుగు, మొత్తం పన్నెండు. షెడ్డు కప్పు ఎత్తు తక్కువ కాబట్టి పట్టీలు నిటారుగా రావు, నలభై అయిదు డిగ్రీల వాలు. రెండు పట్టీలు. కాగితం మీద 12 ÷ 2 సైన్ 45 అని రాసుంది. పక్కన జవాబు, 4.24. కింద, 'అయిదు టన్నుల పట్టీలు రెండు చాలు' అని రాసి సంతకం.

నల్లదాని మీద కొట్టాడు. 8.49 వచ్చింది.

"తప్పు నొక్కినట్టున్నా," అన్నాడు. మళ్ళీ కొట్టాడు. 8.49. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మూడోసారి కొట్టాడు. అదే. జేబులోంచి సోలార్‌ది తీసి కొట్టాడు. 4.24. నేను బూడిదరంగుది అందించాను. 8.49. పెద్ద తెరది కూడా 8.49.

మూడు ఒకవైపు, నేను ఇచ్చింది ఒకవైపు. నాకు మొదట నవ్వొచ్చింది కూడా. ఆయన మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"నలభై అయిదుకి సైన్ ఎంత?" అని ఆయన తనని తనే అడుక్కుంటూ, నా బిల్లు పుస్తకం వెనక పెన్సిలుతో వేశాడు. "ఇంచుమించు సున్నా పాయింట్ ఏడు. రెండు పెడితే ఒకటీ పాయింట్ నాలుగు. పన్నెండుని దాంతో భాగిస్తే ఎనిమిదిన్నర. ఎనిమిదిన్నర, అమ్మాయ్! నాలుగు కాదు."

"మరి ఇది నాలుగంటోందేం? పాడైపోయిందా?"

"పాడవలేదు." ఆయన సోలార్‌దాని మీటల మీద వేలు పెట్టి చూపించాడు. "రెండుకీ సైన్‌కీ మధ్య నేను గుణకారం గుర్తు పెట్టను. కాగితం మీద ఎలా రాస్తామో అలాగే కొడతాను, నా పాతది ఆ రెండిటినీ ఒక ముద్దగా తీసుకునేది. ఇది తీసుకోదు. ఇది వరసగా పోతుంది. ముందు పన్నెండుని రెండుతో భాగించేసి, వచ్చినదాన్ని సైన్‌తో గుణించేస్తోంది. బ్రాకెట్ వేసుంటే ఇదీ ఎనిమిదిన్నరే అనేది. సగానికి సగం తక్కువ చూపించింది నాకు."

"మీరు కనుక్కోలేదా మాస్టారూ? ఇన్నేళ్ళ నుంచీ చేస్తున్నారు!"

"ఒక్కో పట్టీకి బరువులో సగం కన్నా తక్కువొస్తే అనుమానపడేవాణ్ణి. ఎనిమిదిలో సగం నాలుగు. ఇది నాలుగు మీద కొంచెం చూపించింది. భయం కలిపానుగా, అందుకని సగం మీదకి తేలింది." ఆయన కాగితం మీది తన సంతకం వంక చూశాడు. "భయం తీసేసినా ఒక్కో పట్టీ మీద అయిదున్నర పైన పడుతుంది. అవి అయిదు టన్నులు మోసే పట్టీలు. మూడేళ్ళు వాడినవి."

నేను గోడ గడియారం చూశాను. రెండు ఇరవై. "మూడున్నరకి కదా? టైముంది. పదండి..." అంటూ ఉండగానే యార్డు కూత వినబడింది. మూడు పొట్టి కూతలు. పెద్ద బరువు లేపే ముందు వేసే కూత అది. ఈ పన్నెండేళ్ళలో వెయ్యిసార్లు విని ఉంటాను, ఒక్కసారీ తలెత్తలేదు.

"ముందుకి జరిపేశారు," అన్నాడు మాస్టారు. "క్రేను ఇంకో షెడ్డుకి కావాలని ఫోర్‌మాన్ పొద్దున గొణిగాడు. నేను లేకపోతే పది నిమిషాలు కలిసొస్తుందనుకుని ఉంటాడు. నా సంతకం ఉందిగా కాగితం మీద, ఇంకేం కావాలి!"

ఫోను చేద్దామంటే షెడ్డులో ఎవరి దగ్గరా ఫోను ఉండదు, అన్నీ గేటు దగ్గర అరల్లో పెట్టి లోపలికి పోతారు. మాస్టారు షాపు మెట్టు దిగబోయి మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.

"నువ్వు పరుగెత్తమ్మాయ్! నావల్ల కాదు. అరిస్తే వినబడదు లోపల. రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపు. ఎవరు ఊపినా ఆపరేటర్ ఆపి తీరాలి. దారిన పోయే దానయ్య ఊపినా ఆపాలి. పరుగెత్తు!"

షాపు తెరిచి పడేసి పరుగెత్తాను. చెప్పు ఒకటి రోడ్డు మధ్యలోనే ఊడిపోయింది. గేటు దగ్గర కాపలా ఆయన అడ్డంగా చెయ్యి చాచి, "పాస్ ఏదమ్మా?" అన్నాడు. పన్నెండేళ్ళ నుంచి మా ఆయన మర్చిపోయిన కళ్ళజోడు తెచ్చిస్తుంటే తీసుకునే మనిషి ఆయన. "నీ పాస్ మండ! మా ఆయన చచ్చిపోతాడు, తప్పుకో!" అని ఆ చెయ్యి కింద నుంచి దూరిపోయాను. వెనక నుంచి ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆ దారి ఎంత పొడుగో అప్పుడే తెలిసింది నాకు. ఒకటే మాట బుర్రలో తిరిగింది. నేనిచ్చాను. వదిలించుకోవడానికి నేనే ఇచ్చాను. జాతకం చూస్తారా అని నవ్వాను కూడా. దేవుడా, పట్టీ తెగి పెట్టె పడే చప్పుడు మాత్రం వినబడనీకు, నేను వెళ్ళేదాకా వినబడనీకు అని మొక్కుకుంటూ పరుగెత్తాను. ఎక్కడో ఇనుము ఇనుముకి తగిలి ఠంగుమంది. ఒక్క క్షణం ఆగిపోయాను. అది పక్క షెడ్డులో సుత్తి దెబ్బ.

షెడ్డులోకి వెళ్ళేసరికి గేరు పెట్టె గాల్లో ఉంది. కళ్ళు చీకట్లు కమ్మి ఎంత ఎత్తులో ఉందో కూడా పోల్చుకోలేకపోయాను. దాని పక్కనే మా ఆయన, తాడు చేతికి చుట్టుకుని, గోతి అంచున నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపాను. పిచ్చిదానిలా ఊపాను. పైన గదిలో ఉన్న ఆపరేటర్ కిందకి చూశాడు, మీట వదిలేశాడు. అందరూ నావైపు తిరిగారు.

"దించేయండి! మాస్టారు దించేయమన్నారు. లెక్క తప్పిందిట!" అన్నాను. ఫోర్‌మాన్ ఏదో అనబోయాడు. మా ఆయన ఆయన వైపు చూడకుండానే చేత్తో కిందకి అని సైగ చేశాడు. పెట్టె మెల్లగా, మెల్లగా నేలకి ఆనింది. దిగాల్సింది జానెడే. అప్పుడు చూశాను, అది జానెడు ఎత్తులోనే ఉంది.

ఫోర్‌మాన్ ఆగొద్దన్నాడట. మాస్టారు లేనప్పుడు ఈ పిచ్చి రూలెందుకు, ఎత్తెయ్యండి అన్నాడట. మా ఆయన ఒప్పుకోలేదట. 'ఆయన లేకపోతే నా కునుకు నాకు లేదా సార్?' అని, చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడట. ఏడు నిమిషాలు అయింది. మిగతా మూడూ కాగానే ఆయన గోతిలోకి దిగేవాడు, పెట్టె ఆయన మీదుగా వచ్చేది.

కుంటుకుంటూ మాస్టారు వచ్చేసరికి పట్టీలు విప్పి నేల మీద పరిచారు. ఒక పట్టీ పెట్టె అంచు ఒరుసుకున్నచోట పైపొర చిట్లి, లోపలి ఎర్ర నూలు బయటికొచ్చింది. పట్టీలో ఆ ఎరుపు కనబడిందంటే ఇక దాని పని అయిపోయినట్టేనట. మాస్టారు దాని పక్కన నేల మీదే కూర్చుండిపోయి, ఆ నూలు మీద వేలు పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నవ్వేవాళ్ళెవరూ నవ్వలేదు.

ఆ తర్వాత రెండు రోజులు నా బతుకు చూడాలి. యార్డంతా నన్ను మెచ్చుకోవడమే. గేటు కాపలా ఆయన నా చెప్పు తెచ్చిచ్చి దణ్ణం పెట్టాడు. మా అత్తగారు వాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకుని మురిసిపోయింది. మా ఆయన అన్నం తింటూ, "నీ కాళ్ళకి మొక్కాలే," అన్నాడు. నాకు పొలమారింది. ఆ యంత్రం ఎవరిచ్చారో ఆయనకి తెలీదు. చెబుదామని నోరు తెరవడం, మూసుకోవడం. కోపం వచ్చినప్పుడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే నోరు, నిజం దగ్గర మూగబోయింది. నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఎర్ర నూలు.

గురువారం మాస్టారు షాపుకొచ్చాడు. ఆఫీసులో విచారణ అయిందట. ఆర్నెల్లపాటు ఆయన సంతకం పక్కన ఇంకో సంతకం ఉండాలన్నారట. స్టూలు వేశాను, కూర్చోలేదు. జేబులోంచి సోలార్ కాలిక్యులేటర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని ధర ఎంతమ్మాయ్?"

"అయ్యో, అదెందుకు మాస్టారూ? నల్లది తీసుకోండి. ఎన్నాళ్ళైనా పోల్చి చూసుకోండి, నేనేం అనను."

"ఈ యంత్రం ఎక్కడిదని అడిగారు. నాదే, నేనే కొన్నానని చెప్పాను. వాళ్ళు ఇక్కడికొచ్చి నిన్ను అడగడం ఎందుకని. చెప్పాక మనసొప్పలేదు, అబద్ధం కదా. ఇప్పుడు కొనేస్తే అబద్ధం కాకుండా పోతుంది." సరిగ్గా ధరకి సరిపడా తెచ్చాడు, బల్ల మీద పెట్టాడు. మూడు రోజులు ఎండలో, చేతొడుగులతో పోల్చి చూసిన మనిషి, ఏమీ పోల్చకుండా కొన్నది అదొక్కటే.

బిల్లు పుస్తకం తెరిచాను. అంతలో మా ఆయన పని దిగి రోడ్డు దాటి వచ్చాడు. "ఏంటి మాస్టారూ, చివరికి కొన్నారా?" అన్నాడు నవ్వుతూ.

"కొనలేదు," అన్నాను నేను. "అది నేనిచ్చింది. ఆ బుధవారం సాయంత్రం ఈయన విసిగిస్తున్నాడని, వదిలించుకోవడానికి ఇచ్చాను. పూర్తిగా చూడలేదు అంటున్నా వినకుండా చేతిలో పెట్టాను. నిన్ను నేనే చంపబోయాను."

మాస్టారు ఏదో అడ్డు చెప్పబోయాడు. మా ఆయన ఆయన్ని ఆగమన్నాడు. నావైపు చాలాసేపు చూశాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఆయన కాలిక్యులేటర్ని చేతిలోకి తీసుకుని, మాస్టారి వైపు తిరిగాడు.

"బుధవారం సాయంత్రం ఇచ్చింది. మంగళవారం దాకా దీనితోనే చేశారుగా లెక్కలు. ఈ మధ్యలో ఎన్ని బరువులు లేపాం మాస్టారూ?"

ఆ ఆలోచనే రాలేదు నాకు. మంగళవారం ఒక్కటే నా కళ్ళ ముందు ఉంది ఈ రెండు రోజులూ.

"పధ్నాలుగు," అన్నాడు మాస్టారు. నోట్‌బుక్కు తెరవలేదు, కంఠతా వచ్చు. "అన్నీ మళ్ళీ చేశాను. గేరు పెట్టె కాక మిగిలిన పదమూడింట్లో రెండింటికి పట్టీ చాల్లేదు."

"ఏ రెండు?"

"శనివారం మోటారు ఒకటి. శుక్రవారం పొద్దున మూత ఒకటి."

శుక్రవారం మూత నాకూ తెలుసు. దాన్ని గాల్లో ఆపి, కింద బోల్టులు సరిచెయ్యడానికి మా ఆయన పావుగంట దాని కింద పడుకున్నాడు. ఆ సాయంత్రం చొక్కా వీపంతా గ్రీజు చేసుకొచ్చాడని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆ గ్రీజు మరక ఇప్పటికీ పోలేదు, చొక్కా ఇంట్లో దండెం మీదే ఉంది.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పన్నెండేళ్ళలో ఆయన భయపడగా నేను చూడడం అదే మొదలు. మెల్లగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకో స్టూలు తీసుకురా, నువ్వూ కూర్చో," అన్నాడు నాతో. కాలిక్యులేటర్ని బల్ల మీద ముగ్గురికీ మధ్యలో పెట్టాడు. "మాస్టారూ, ఆ బ్రాకెట్ ఎక్కడ పెట్టాలో మా ఇద్దరికీ నేర్పండి. మొదటి నుంచి చెప్పండి. తొందరేం లేదు."